సున్నపురాయి ఎవరి సాక్షి?

వాతావరణం మారుతోందా, మారితే అది మనిషి వల్లేనా అన్న వాదన దేశంలో ఎక్కడైనా జరుగుతుంది. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో జరిగితే మాత్రం కాసేపటికి రాయి మీదికి దిగుతుంది. బేతంచెర్ల బండ, కడప నల్లబండ, ఎర్రగుంట్ల సిమెంటు, బెలుం గుహల గోడలు, యాగంటి కొండ... ఈ నేలలో సగం సున్నపురాయి కథే. సున్నపురాయి అంటే ఒకప్పుడు గాలిలో, నీళ్లలో తిరిగిన కార్బన్ డయాక్సైడ్. గాలిలో ఆ వాయువు తనంతట తాను ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో అడగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఇక్కడ మాట్లాడేది ఇద్దరు. మామ సున్నపురాయి గనుల్లో జియాలజిస్టుగా చేసి రిటైరయ్యాడు. మేనకోడలు నంద్యాలలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. మామ వాదన తీసిపారేసేది కాదు, అందుకే పూర్తిగా చెప్పనిచ్చాను. నా మొగ్గు మేనకోడలి వైపు.

మామ: చూడు పాపా, నేను కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మన కాళ్ల కింద ఉండేదే చెప్తాండా. వేంపల్లె, పులివెందుల పక్క డోలమైట్ రాయిలో సన్న గీతలు వంపులు తిరిగి ఒకదాని మీద ఒకటి కనపడతాయి. స్ట్రోమటోలైట్లు. లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొరగా పరుచుకుని పెరిగిన గుర్తులు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఈ పొద్దు ఉన్న దానికి ఎన్నో రెట్లు. మనిషి లేడు, బస్సు లేదు, బాయిలర్ లేదు. పెరగడం, తరగడం దాని స్వభావం. పది లక్షల పాళ్లలో 280 ఉండేది 420 దాటిందని ఇంత గోల ఎందుకు?

మేనకోడలు: అంత ఉండేదన్నది నేనూ ఒప్పుకుంటా మామా. దాంతోపాటు ఇంకోటి కూడా చెప్పాల. అప్పటి సూర్యుడు ఇప్పటికన్నా సుమారు 15 శాతం తక్కువ వెలుగిచ్చేవాడు. గాలిలో వేడిని పట్టి ఉంచే వాయువులు అంత లేకుంటే నీ సముద్రం గడ్డకట్టి ఉండేది, నీ స్ట్రోమటోలైట్లూ ఉండేవి కావు. ఆ వాయువుకు భూమిని వేడిగా ఉంచే బలం ఉండాదని నీ రాయే సాక్ష్యం చెప్తాంది. సరే, ఆ ఎక్కువున్నదంతా యాడికి పోయింది?

మామ: యాడికి పోతాది, రాయిలోకి పోయింది.

ఆ మాట మీద మామ లేచి వెళ్లి చిన్న సీసా తెచ్చాడు. గనుల్లో తిరిగిన వాడి సంచీలో సుత్తి, భూతద్దంతో పాటు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అరుగు మీది బేతంచెర్ల బండపై ఒక చుక్క వేశాడు. చుర్రుమని నురగ పొంగింది. బుడగలు చిట్లిపోయాక అక్కడ పాలిష్ పోయిన మచ్చ మిగిలింది. మంగంపేట నుంచి ఎప్పుడో తెచ్చుకున్న ముగ్గురాయి ముక్క మీద ఇంకో చుక్క వేస్తే ఏమీ కాలేదు. బండ మీద చిట్లిన బుడగల్లో ఉన్నది కోట్ల ఏళ్లు రాయిలో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడ్. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలుస్తాయి. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల బట్టీల్లో రేయింబవళ్లు జరిగేది ఇదే. ఏమీ కలపని 50 కిలోల సిమెంటు బస్తా తయారు కావాలంటే ఒక్క రాయి నుంచే సుమారు 25 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బట్టీకి వేసే బొగ్గు లెక్క వేరే.

మేనకోడలు: రాయిలోకి పోవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. బట్టీలో బయటికి రావడానికి గంట చాలు. నేను చెప్పేది ఈ తేడా గురించే.

మామ: మనిషిని శానా పెద్దవాణ్ని చేస్తాండావు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం పోయి చూడు. జుర్రేరు లోయలో మట్టి తవ్వితే బూడిద పొర. యాడిదది? సుమత్రాలో టోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలింది. ఆ బూడిద వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి మన లోయలో పడింది. దానికి కిందా పైనా రాతి పనిముట్లు దొరికినాయని పురావస్తు శాస్త్రవేత్త పెట్రాగ్లియా బృందం 2007లో రాసింది. అట్లాంటి కొండ ముందర మన బట్టీలొక లెక్కా?

మేనకోడలు: బూడిద వేరు, కార్బన్ డయాక్సైడ్ వేరు. ప్రపంచంలో అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది, మనం బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి వదిలే సుమారు 3,700 కోట్ల టన్నుల్లో వందో వంతు కూడా కాదు. పైగా పెద్ద పేలుడు జరిగితే భూమి చల్లబడతాది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో పేలినప్పుడు గంధకపు పొగ సూర్యకాంతిని అడ్డుకుని ప్రపంచం దాదాపు అర డిగ్రీ చల్లబడింది. ఆ రెండేళ్లు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే వేగం కూడా తగ్గింది. నీ జ్వాలాపురం బూడిద ఈ పెరుగుదలకు సాక్షి కాదు.

మామ: సరే, సముద్రానికి పోదాం. నీళ్లు వేడెక్కితే అందులో కరిగిన వాయువు బయటికొస్తాది, నువ్వు క్లాసులో చెప్పేదే. అంటార్కిటికా మంచులో ఎనిమిది లక్షల ఏళ్ల గాలి బుడగలు తీసి చూసినారు కదా. వేడి ముందర పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ కొన్ని వందల ఏళ్లు వెనక పెరిగింది. వెనకొచ్చింది ముందుదానికి కారణం ఎట్లవుతుంది?

ఈ వాదనకు మామ ఎక్కువ విలువిస్తాడు. ఇవ్వడంలో తప్పు లేదు. వాతావరణ మార్పును నమ్మేవాళ్లు కూడా చాలామంది దీనికి జవాబు చెప్పకుండా దాటవేస్తారు. దాటవేయాల్సిన అవసరం లేదు.

మేనకోడలు: మంచుయుగం ముగియడానికి మొదటి తోపు కార్బన్ డయాక్సైడ్ ఇయ్యలేదు. భూమి తిరిగే దారి, అక్షం వాలు మెల్లగా మారి ఉత్తరాన ఎండ పెరిగింది. మంచు కరిగింది, దక్షిణాది సముద్రం వేడెక్కింది, కార్బన్ డయాక్సైడ్ వదిలింది. వదిలినాక ఆ వాయువే మిగతా ప్రపంచాన్ని వేడి చేసింది. అప్పుడు వేడి వల్ల అది వచ్చింది, అది వచ్చినాక వేడి ఇంకా పెరిగింది. రెండూ నిజమే. అయితే వేగం చూడు. మంచుయుగం చివర 180 నుంచి 260 దాటడానికి ఏడు వేల ఏళ్లకు పైనే పట్టింది. హవాయిలో మౌనా లోవా కొండ మీద కీలింగ్ కొలవడం మొదలుపెట్టిన 1958లో 315 ఉండె. 2024కి 424. ఒక్క మనిషి ఆయుష్షులో నూరు పాళ్లు దాటింది. ఆ ఎనిమిది లక్షల ఏళ్లలో యాడా 300 దాటింది లేదు.

మామ: వేగం ఎక్కువైనంత మాత్రాన మనిషిదే అని ఎట్ల చెప్తావు? చెట్లు, నేల, సముద్రం ఏడాదికి గాలితో ఇచ్చిపుచ్చుకునేది మనిషి వదిలే దానికి ఇరవై రెట్లు. అంత పెద్ద లెక్కలో మన పాలు యాడ కనపడతాది?

మేనకోడలు: మీ పోరుమామిళ్ల చెరువే తీసుకో. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కరుడు కట్టించి శాసనం వేయించిన చెరువు. వాగులు తెచ్చే నీళ్లు పెద్ద లెక్క, తూముల్లో, అలుగుల మీద పోయేది పెద్ద లెక్క. నువ్వు గట్టున పెట్టిన మోటారు వాటి ముందర చిన్నదే. ఆ మోటారుతో ఏడాదంతా వంద పాళ్ల నీళ్లు పోసినావనుకో. ఏడాది చివర చెరువులో పెరిగింది యాభై పాళ్లే. మిగతా యాభై యాడికి పోయింది?

మామ: తూముల్లో పోయింది.

మేనకోడలు: అంటే వాగులు తెచ్చిన దానికన్నా తూములు తీసుకున్నదే ఎక్కువ. గాలి లెక్కా ఇంతే. మనం వదిలే దాంట్లో దాదాపు సగం మాత్రమే గాలిలో మిగులుతాంది. మిగతాది సముద్రం, అడవులు, నేల తీసుకుంటాండాయి. సముద్రం వదలడం లేదు మామా, మింగుతాంది. మింగి మింగి దాని ఆమ్లత్వం పెరిగింది, పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. ప్రకృతి ఇచ్చేదానికన్నా తీసుకునేదే ఎక్కువున్నప్పుడు పెరుగుదల ప్రకృతిది ఎట్లవుతుంది?

మామ చాలాసేపు మాట్లాడలేదు. ఓడిపోయాడనుకోవద్దు. గనిలో పనిచేసినవాడికి లెక్క సరిపోవడం ఒకటి, నమూనా చేతికి రావడం ఇంకొకటి. అతను నమూనా అడిగాడు.

మామ: లెక్క బాగుంది. కానీ గాలిలోని కార్బన్ చూసి ఇది బొగ్గుదని చెప్పే గుర్తుంటే చూపించు.

మేనకోడలు: ఉండాది. బతికున్న చెట్టులో కార్బన్ 14 కొంచెం ఉంటాది. చచ్చినాక 5,730 ఏళ్లకు సగమైపోతాది. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లు దాటింది, దాంట్లో కార్బన్ 14 అనేదే మిగల్లేదు. అట్లాంటి కార్బన్ గాలిలో కలిస్తే గాలిలో కార్బన్ 14 పాలు పలచబడాల. పలచబడిందని 1955లోనే హాన్స్ సూస్ చెట్ల వలయాల్లో చూసి చెప్పినాడు.

మామ: ఆగు. ఇక్కడ నిన్ను పట్టుకుంటా. నా సున్నపురాయిలోనూ కార్బన్ 14 లేదు. అగ్నిపర్వతం వదిలే దాంట్లోనూ లేదు. పాత కార్బన్ అంటే బొగ్గే అని ఏముంది?

ఇంత మంచి ప్రశ్న టీవీ చర్చల్లో నేను వినలేదు. సున్నపురాయి తెలిసినవాడే అడగగలడు.

మేనకోడలు: అందుకే రెండో గుర్తు చూడాల, కార్బన్ 13. ఆకు గాలిలోంచి కార్బన్ తీసుకునేటప్పుడు తేలికైన కార్బన్ 12నే ఎక్కువ ఏరుకుంటాది. అందుకని చెట్ల నుంచి పుట్టిన బొగ్గులో కార్బన్ 13 తక్కువ. సముద్రంలో పుట్టిన నీ సున్నపురాయిలో అట్ల తక్కువ ఉండదు. అగ్నిపర్వతం వాయువులో కొంచెమే తక్కువ. గాలిలో కార్బన్ 13 పాలు ఏటికేడాది పడిపోతాంది. పాతది కావాల, చెట్ల నుంచి వచ్చినదీ కావాల. రెండు గుర్తులూ కలిసేది బొగ్గులో, చమురులో, గ్యాసులో. అదీ చాలకుంటే మూడోది ఉండాది. 1980ల చివర నుంచి కీలింగ్ కొడుకు రాల్ఫ్ కీలింగ్ గాలిలో ఆక్సిజన్ కొలుస్తాండాడు. అది తగ్గుతాంది. ఊపిరికి లోటొచ్చేంత కాదు, కొలతకు దొరికేంత. సముద్రమో అగ్నిపర్వతమో వదిలితే ఆక్సిజన్ ఎందుకు తగ్గుతాది? కాలినప్పుడే తగ్గుతాది.

మామ: ఊ. ఇది నమూనా. ఒప్పుకుంటాండా, పెరిగింది మనిషి వల్లే.

తప్పించుకునే దారి వెతక్కుండా మామ అన్న ఈ మాట నాకు విలువైనది. అయితే వాదన ఇక్కడ అయిపోలేదు. నిజానికి రాయలసీమకు సంబంధించిన వాదన ఇక్కడే మొదలైంది.

మామ: కానీ కరువు మాటేంది? 1876 నుంచి 78 దాకా ధాత కరువు. కర్నూలు, కడప, బళ్లారి ఊళ్లకు ఊళ్లు ఖాళీ. మా అవ్వ తన అవ్వ చెప్పిన మాటలు చెప్తా ఏడ్చేది. జెముడు పండ్లు తిన్నారు, చెట్ల వేర్లు తవ్వి తిన్నారు. అప్పుడు గాలిలో నీ కార్బన్ డయాక్సైడ్ ఎంత? 290 కూడా లేదు. ఈ పొద్దు వాన రాకుంటే వాతావరణ మార్పు అంటారు, వానొచ్చి ఊరు మునిగినా వాతావరణ మార్పే అంటారు. ఇదేం సైన్సు?

మేనకోడలు: ధాత కరువు ప్రకృతిదే. 1877లో పసిఫిక్ సముద్రంలో బలమైన ఎల్ నినో వచ్చింది, మనకు రుతుపవనాలు పోయినాయి. అట్లాంటి కరువుల గుట్టు పట్టాలనే తర్వాత గిల్బర్ట్ వాకర్ వాతావరణ శాఖ అధిపతిగా వచ్చి, పసిఫిక్ మీద గాలి ఒత్తిడికి మన వానలకు లంకె ఉందని తేల్చినాడు. వాన పోవడం ప్రకృతి. అన్నం లేకపోవడంలో సర్కారు చెయ్యి ఉండాది. ఆ కరువులో కూడా ధాన్యం ఓడలెక్కింది, సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ కూలీకి రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు, అరకిలో కూడా కాదు. మనిషి చేయి లేకుండా కరువు రాదని నేను యాడా అనలేదు మామా. సీమకు కరువు కొత్త కాదు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన మీద బతికే నేల ఇది. కొత్తదేమంటే, ఇప్పుడు అదే కరువు వేడెక్కిన గాలిలో వస్తాంది. వాన అంతే తగ్గినా చెరువు తొందరగా ఎండుతాది, నేల తొందరగా నెర్రెలిస్తాది. వానొచ్చిన రోజు ఒక్క డిగ్రీ వేడికి గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి మోస్తాది, కుమ్మరిస్తాది. ఎండకూ వరదకూ మూలం ఒకటే కావడం వింత కాదు.

మామ: 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నా. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లె ఊళ్లు కొట్టుకుపోయినాయి. కట్ట తెగినదాన్ని కూడా కార్బన్ డయాక్సైడ్ మీద వేస్తావా?

మేనకోడలు: వేయను. కట్ట, గేట్లు, నీళ్లు వదలాల్సిన వేళ, అవన్నీ మనుషుల పని. వాటికి బాధ్యులు వేరే ఉండారు, వాతావరణం పేరు చెప్పి వాళ్లను తప్పించకూడదు. ఒక్క వరదను చూపించి ఇదిగో వాతావరణ మార్పు అనేవాళ్లతో నాకూ పేచీనే.

మేనకోడలు ఈ గీత గీయకపోతే ఆమె పక్షాన నిలబడటం నాకు కష్టమయ్యేది. విపత్తు జరిగిన ప్రతిసారీ అధికారి మైకు ముందుకొచ్చి వాతావరణ మార్పు అనడం మనకు అలవాటైపోయింది. పూడిక తీయని చెరువు, ఆక్రమించిన వాగు ఆ మాట చాటున దాక్కుంటున్నాయి.

మామ: ఇంకోటి. కార్బన్ డయాక్సైడ్ చెట్టుకు ఆహారం. ఎక్కువైతే చెనిక్కాయ బాగా కాయదా?

మేనకోడలు: మిగతావన్నీ సరిగ్గా ఉంటే కాస్తాది. చెనిక్కాయ, పత్తి, వరి, వీటికి ఆ లాభం ఉండాది. కొర్రకు, జొన్నకు పెద్దగా లేదు. అవి తక్కువ కార్బన్ డయాక్సైడ్‌తో నెట్టుకొచ్చే జాతి, దాన్ని లోపలే పోగేసుకునే ఏర్పాటు వాటికుండాది. కానీ చెనిక్కాయకు పూత మీద ఎండ దెబ్బ తగిలితే? ఊడలు దిగే పదిహేను రోజులు వాన లేక నేల గట్టిపడితే? గాలిలో ఆహారం ఎంతుండి ఏం లాభం, ఊడ నేలలోకి దిగకుంటే కాయే లేదు. ఇది మన ఊళ్లో ఏ రైతునడిగినా చెప్తాడు.

మామ: అది నిజమే. సరే, ఎంత వేడెక్కుతుందో మాత్రం మీకు తెలీదు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే 2.5 నుంచి 4 డిగ్రీలంట. ఇంత వెడల్పు లెక్క మీద ఫ్యాక్టరీలు మూయమంటే ఎట్ల? మన దేశంలో 1901 నుంచి 2018 దాకా పెరిగింది 0.7 డిగ్రీలే అని కేంద్రం రిపోర్టే చెప్పింది.

మేనకోడలు: ప్రపంచం కన్నా మన దగ్గర తక్కువే పెరిగింది. పొగ, దుమ్ము ఎండను కొంత ఆపుతాండాయి, సాగునీరు కొంత చల్లబరుస్తాంది. పొగను ఎన్నాళ్లు దాచుకుంటాం? వెడల్పు సంగతికొస్తే, గనిలో బెంచీ వాలు ఏ లెక్క మీద పెట్టేవాడివి? రాయి పొడిగా ఉన్నప్పటి లెక్కా, వానకు నానినప్పటి లెక్కా?

మామ: నానినప్పటిదే పెట్టాల. కింద మనుషులు పని చేస్తాంటారు. కానీ పాపా, ఈ బిల్లు ఎవరి పేరు మీద రాస్తాండారో చూడు. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నులు. అమెరికాలో 14. ఇప్పటిదాకా పోగైన దాంట్లో నాలుగో వంతు వాళ్లదే, మనది 4 శాతం లోపు. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో తెల్లటి బురదలో నిలబడి బండ కోసే కూలీని, బోరు ఎండిపోయి బెంగళూరు పోయే రైతును తీసుకొచ్చి నువ్వు కూడా బాధ్యుడివే అంటే నేను ఒప్పుకోను. చచ్చినా ఒప్పుకోను.

ఇక్కడ నేను మామ వైపు. సైన్సు ‘మనిషి’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవచ్చు, లెక్క చెల్లించేటప్పుడు ఏ మనిషి అని అడగాలి.

మేనకోడలు: నేనూ ఒప్పుకోమనడం లేదు. బట్టీలు ఆర్పేయమనీ అనడం లేదు. ముద్దనూరు దగ్గర థర్మల్ స్టేషన్ బూడిద పక్కనే ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకు పోతాంది కదా. బూడిద కలిపినంత మేర క్లింకర్, అంటే బట్టీలో రాయి కాల్చి తీసే ముద్ద, తగ్గుతాది, కాల్చే రాయి తగ్గుతాది. కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి కలిపి చేసే సిమెంటు కూడా వచ్చింది. కరెంటు గని-శకునాల సోలార్ పార్కు నుంచి తెచ్చుకోవచ్చు, ఒక్కటే 1000 మెగావాట్లు. కానీ రాయిలోంచి వచ్చే 44 కిలోలు ఏ సోలారూ ఆపలేదు. అందుకే క్లింకర్ తగ్గించడం అంత ముఖ్యం.

మామ: గాలిలో కలిపేదాన్ని నికర సున్నా చేసేది 2070కి అని దేశం అన్నది కదా. తొందరేముంది?

మేనకోడలు: ఈ పొద్దు ముట్టించిన బట్టీ నలభై, యాభై ఏళ్లు మండుతాది. 2070 నిర్ణయం అంటే ఇప్పుడు పర్మిషన్ ఇచ్చే బట్టీ గురించే.

మామ: అట్లయితే ఈసారి కొత్త ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు నేను పోతా. క్లింకర్ ఎంత శాతం, బూడిద ఎంత, స్థానికులకు ఉద్యోగాలెన్ని, గని అయిపోయినాక ఆ గుంత ఏం చేస్తారు, నాలుగూ అడుగుతా. ఇన్నేళ్లు వాళ్ల వైపు కూర్చున్నా, ఏ కాగితంలో ఏముంటుందో నాకు తెలుసు.

మేనకోడలు: మే నెలలో గని కూలీల పని గంటలు ఎట్ల మారుస్తారో అది కూడా అడుగు. నీళ్లు, నీడ యాడ పెడతారో రాతపూర్వకంగా ఇమ్మను.

మామ: అది మొదటి ప్రశ్న చేస్తా.